వెనక నిలబడ్డ మనిషి

సారథి పొద్దున్నే లేచి, తను మొహం కడుక్కోకముందే కారవానుకి స్నానం చేయించడం మొదలుపెట్టాడు. ఎక్కడికో బయల్దేరుతున్న బండికి చేసినట్టు పైకప్పు దగ్గర్నుంచి చక్రాల దాకా సబ్బునీళ్ళతో తోమాడు. నిజానికి అది ఎక్కడికీ బయల్దేరడం లేదు. సాయంత్రం బేకరీ యజమాని వచ్చి చూసుకుని, నచ్చితే బేరం కుదుర్చుకుని పోతానన్నాడు. పోయే వస్తువైనా పరువుగా పోవాలనేది ఆయన పట్టుదల.

సారథి అనేది ఆయన అసలు పేరు కాదు. దూరప్రాంతాల బస్సులు నడిపి రిటైరైన మనిషి. డిపోలో పెట్టిన పేరు వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి వచ్చి స్థిరపడిపోయింది. ఉద్యోగమంతా రోడ్ల మీద గడిపిన మనిషి సెలవు దొరికితే కాళ్ళు చాపుకుని ఇంట్లో పడుకోవాలి కదా, ఈయన అలా కాదు. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఆ చక్రాల ఇంటిని పాతదిగా కొని, తనే బాగుచేసుకుని, ఏటా ఎండలు తగ్గగానే భార్యనీ కూతుర్నీ ఎక్కించుకుని బయల్దేరేవాడు. సముద్రం ఒడ్డున ఉన్న సొంత ఊరు వదిలి, లోపలి ఊళ్ళన్నీ దాటుకుంటూ నేషనల్ పార్కు దాకా వెళ్ళి రావడం ఆ ఇంటికి అలవాటు. కూతురికి పెళ్ళయ్యాక కూడా మొగుడూ పెళ్ళాలిద్దరూ మానలేదు.

కిందటి నెల కళ్ళ డాక్టరు ఆ ముచ్చటకి అడ్డుకట్ట వేసింది. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపు పోతోందనీ, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది గానీ పక్కల నుంచి వచ్చేది కనిపించదనీ, ఇక మీద స్టీరింగు ముట్టుకోవద్దనీ చెప్పింది. మందులు వాడితే ఉన్న చూపు నిలబడొచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదంది. సారథి బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, కారు తాళాలు మేకుకి తగిలించి, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళు మొహం గంటు పెట్టుకుని తిరిగాడు. తర్వాత ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట అనకుండా బేకరీ ఆయనకి ఫోను చేశాడు.

ముందు గదిలో కుట్టు మిషను చప్పుడు ఆగింది. ఆ గదే షాపు, ఆయన భార్యే యజమాని, వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మ. మెడలో టేపుతోనే బయటికొచ్చి, తడిసిన గచ్చు మీద జారకుండా అడుగులేసుకుంటూ ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"ఏమండీ, బేకరీ ఆయన్ని రావద్దని చెప్పండి."

"ఎందుకు?"

"పై వారం మనం పార్కుకి వెళ్తున్నాం. నేను నడుపుతాను."

సారథి చేతిలో స్పాంజి అలాగే ఉండిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ చాలా విషయాల్లో ఆయన మాట కాదంది గానీ, బండి విషయంలో మాత్రం ఎప్పుడూ వేలు పెట్టలేదు.

"దారాలూ గుండీలూ కొనుక్కురావడానికి కారు తోలడం వేరు. వెనక ఇల్లు కట్టుకుని తోలడం వేరు," అన్నాడు.

"వేరే. నేర్చుకుంటాను."

గాలికి ఊగుతుందన్నాడు. దిగుడులో వెనక నుంచి నెడుతుందన్నాడు. లారీ పక్క నుంచి దూసుకుపోతే తనవైపు లాగేస్తుందన్నాడు. ఆవిడ కొలతలు రాసుకునేటప్పుడు పెట్టే మొహంతో అన్నీ వింది, ఇంకేమైనా ఉన్నాయా అని కూడా అడిగింది. అప్పుడాయన దాచుకున్న బాణం తీశాడు. ముందుకి ఎవరైనా నడుపుతారు, వెనక్కి పెట్టడమే అసలు గండం అన్నాడు. వెనక్కి వెళ్ళేటప్పుడు స్టీరింగు ఇటు తిప్పితే ఇల్లు అటు పోతుంది, కొమ్ములు తిరిగిన డ్రైవర్లే అక్కడ బోల్తాపడతారు అన్నాడు.

"బట్ట తిరగేసి కుట్టేదాన్ని. నాకు కుడి ఎడమలు రోజూ తారుమారే," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మిషను మళ్ళీ మొదలైంది.

మధ్యాహ్నం భోజనానికి కూతురు వచ్చింది. లెక్కల టీచరు. చిన్నప్పుడు గలగలా వాగుతూ ఉండేదని తల్లిదండ్రులు పెట్టుకున్న పేరు పిచ్చుక. ఇప్పుడు ఆ పిచ్చుక నడవాలో కనిపిస్తే చాలు, బడి మొత్తం గప్‌చుప్. సారథి తన బలగం వచ్చిందని సంబరపడ్డాడు. అనుకున్నట్టే కూతురు తండ్రి పక్షమే చేరింది. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తలనొప్పి, అమ్మేసి హాయిగా రైల్లో వెళ్ళండి అంది. తల్లి వాదించలేదు. సెలవుల్లో మీ బడి గ్రౌండు ఖాళీగానే ఉంటుంది కదా, నాలుగు సాయంత్రాలు నాతో వచ్చి వెనక నిలబడు, ఆ తర్వాత నువ్వేమంటే అదే అంది. అందాకా బేకరీ ఆయన్ని రావద్దని ఫోను కూడా చేయించింది.

నాలుగు సాయంత్రాలు అక్కర్లేకుండానే పిచ్చుక పక్షం మార్చేసింది. అమ్మ రెండు డ్రమ్ముల మధ్యలోకి కారవానుని పొందిగ్గా పెట్టేసిందని వచ్చి చెబుతుంటే దాని మొహం వెలిగిపోతోంది. నువ్వొచ్చి చూడు నాన్నా అని బతిమాలింది. సారథికి సరిగ్గా అప్పుడే మోకాలు నొప్పి పుట్టుకొచ్చింది. ఇద్దరూ ఒకటైపోయాక ఇక చేసేదేముందని, ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. దారిలో బండికి ఒక్క గీత పడ్డా సరే, తిరిగొచ్చాక అమ్మేయడమే, మళ్ళీ మాట లేదు. టైలరమ్మ సరే అంది. బేకరీ ఆయనకి మళ్ళీ ఫోను చేసి, పార్కు నుంచి వచ్చేదాకా ఆగమన్నారు. పిచ్చుక కూడా వెంట బయల్దేరింది.

ప్రయాణంలో మొదటిరోజంతా సారథి పక్క సీట్లో కూర్చుని బండి నడిపాడు. అంటే, అక్కడ లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు. మలుపు వస్తే ఒళ్ళంతా అటు వాల్చాడు. గేరు మార్చాల్సిన ప్రతి చోటా గొంతు సవరించుకున్నాడు. టైలరమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. సీటు ముందుకి జరుపుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, కష్టమైన గుడ్డ ఏదో మిషను కిందకి వచ్చినట్టు రోడ్డు వంకే చూస్తూ నడిపింది. వెనక కార్లు బారు తీరితే పక్కకి ఆపి వాళ్ళందర్నీ ముందుకి పోనిచ్చింది. సారథి జన్మలో ఎవర్నీ అలా పోనివ్వలేదు. పోయిన వాళ్ళలో ఒకాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

సముద్రపు గాలి ఆగిపోయి పొడిగాలి మొదలైంది. లోపలి ఊళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి. ధాన్యం గోదాములు తప్ప పొడుగైనదేదీ లేని ఊరు ఒకటి. వీధి వెడల్పుగా, మనుషులు పలచగా, ప్రతి దుకాణం ముందూ నీడకోసం ఒక రేకు. పెట్రోలు బంకులో కుర్రాడు అలవాటు కొద్దీ సారథి వైపు కిటికీ దగ్గరకొచ్చి ఎంత కొట్టమంటారని అడిగాడు. సారథి బొటనవేలితో అటు చూపించాడు. టైలరమ్మ ట్యాంకు నిండా కొట్టమని చెప్పి, అద్దాలు కూడా తుడవమంది. ఆ రాత్రికి దిగిన చోట స్థలం విశాలంగా ఉంది, ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి వెళ్ళిపోవచ్చు. వెనక్కి పెట్టే పనే పడలేదు. అందుకు సారథికి కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

రెండోరోజు వచ్చిన ఊళ్ళో ఆ గండం రానే వచ్చింది. రైళ్ళు ఆగడం మానేసిన పాత స్టేషను వెనక కారవాన్లు నిలిపే స్థలం ఒకటుంది. ఒక పెద్దావిడ దాన్ని చూసుకుంటోంది. ఖాళీగా మిగిలిన జాగా ఇరుకు. ఒకవైపు నీళ్ళ కొళాయి, ఒకవైపు చెక్క కంచె, మధ్యలోకి వెనక్కి పెట్టాలి. పిచ్చుక దిగి వెనక్కి వెళ్ళబోయింది.

"నువ్వు తప్పుకో," అన్నాడు సారథి. "అరవై అడుగుల బస్సులు పెట్టించినవాణ్ణి. నేను నిలబడతాను."

ఆ బస్సు అరవై అడుగులు ఎప్పుడూ లేదు. సరే, మాట వరసకి అన్నాడనుకుందాం. కారవాన్ల ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్న నలుగురూ ఇటు తిరిగారు. వెనక్కి పెట్టే బండిని చూడటం అలాంటి చోట్ల అందరికీ సాయంకాలపు వినోదం.

బండి వెనక్కి కదిలింది. కంచెకి కాస్త దగ్గరగా వస్తోందని సారథికి కనిపించింది. ఇల్లు కొళాయి వైపు జరగాలి. జరగాలంటే స్టీరింగు కంచె వైపు తిప్పాలి. తనే కూర్చుని ఉంటే అదే చేసేవాడు. అందుకని కంచె వైపు చెయ్యి ఊపాడు. బండి ఇంకా కంచె వైపు వచ్చింది. ఇదేంటని ఇంకా గట్టిగా ఊపాడు. ఇంకా వచ్చింది. ఆయన ఎంత తొందర పెడితే అంత బుద్ధిగా వచ్చింది. రెండు చేతులూ ఎత్తి ఆగమని అరిచేలోపు వెనక మూల వెళ్ళి కంచె గుంజని గుద్దింది. ఎర్రలైటు పగిలి, రేకు లోపలికి సొట్టబోయింది.

ఎవరో కుర్చీలోంచి అయ్యో అన్నారు. పెద్దావిడ పరుగున వచ్చింది. సారథి తల కొట్టేసినట్టయి, నలుగురూ వినేటట్టు, "ఆడవాళ్ళ చేతికి ఇస్తే ఇంతేనండీ," అనేశాడు.

అన్నాక నాలిక్కరుచుకున్నాడు గానీ అప్పటికే మాట జారిపోయింది. టైలరమ్మ ఇంజను ఆపి దిగింది. సొట్టని వేళ్ళతో తడిమి చూసింది. కంచె బాగుచేయిస్తానని పెద్దావిడకి చెప్పి, మొగుడి వంక చూడకుండా లోపలికి వెళ్ళి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.

ఆ చిన్న బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. కిటికీకి ఉన్న పరదాలు ఆవిడ కుట్టినవే. సారథి కప్పు ముందుకి నెట్టి, పొద్దున్నే వెనక్కి తిరిగి వెళ్ళిపోదాం, ఈ ఊళ్ళో డ్రైవరెవరైనా దొరుకుతాడేమో మాట్లాడతాను అన్నాడు. మాటంటే మాటే, గీత కూడా కాదు, సొట్టే పడింది అన్నాడు.

"మీకు సంతోషంగా ఉంది కదూ," అంది టైలరమ్మ.

"ఏం మాటలవి?"

"గుద్దినప్పుడు అద్దంలో మీ మొహం చూశాను. పిల్లలా చూసుకున్న బండికి దెబ్బ తగిలితే మనిషి విలవిల్లాడాలి. మీరు ఊపిరి పీల్చుకున్నారు."

సారథికి కోపం ముంచుకొచ్చింది. నీ మంచి కోరి చెబితే ఇదా బహుమానం అన్నాడు. నీకేదైనా అయితే నేనేం చూడగలను, ఎలా తీసుకెళ్ళగలను అన్నాడు. గొంతు పెరిగింది. పిచ్చుక ఇద్దరి మధ్యలో చెయ్యి పెట్టి, అమ్మా ఊరుకో అంది. టైలరమ్మ ఊరుకోలేదు, గొంతు మాత్రం పెంచలేదు.

"నేను నడపలేనని కాదు మీ బెంగ. నడిపేస్తానని. నేను నడిపేస్తే ఇక మీతో పనేముంది అని. అందుకే నాతో ఒక్క ముక్క అనకుండా బేరం పెట్టారు. ఇంకొకరు తోలడం చూసేకంటే అమ్ముకుంటే నయం అనుకున్నారు."

అది నిజం. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చినప్పట్నుంచీ సారథి గుండెల్లో రాయిలా పడి ఉన్నది అదే.

"నాకు మీ సీటు అక్కర్లేదండీ," అందావిడ. "ఇన్నేళ్ళు పార్కుకి వెళ్ళాం. మీరేం చూశారో చెప్పండి. రోడ్డు చూశారు, అద్దాలు చూశారు. అటు చూడండి ఎంత బావుందో అంటే ఊ అనేవారు, తల తిప్పేవారు కాదు. తిప్పితే మనం ముగ్గురం గుంటలో ఉంటాం కనక. ఉన్న చూపు ఉండగానే మిమ్మల్ని పక్క సీట్లో కూర్చోబెట్టి అన్నీ చూపించాలనుకున్నాను. అంతకు మించి నాకు ఏ గొప్పా అక్కర్లేదు."

పిచ్చుక తల వంచుకుంది. సారథి లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, పాత స్టేషను బల్ల మీద కూర్చుండిపోయాడు. ఏ రైలూ రాని పట్టాల వంక చాలాసేపు చూశాడు. చీకటి పడబోతుంటే కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

తెల్లారాక సారథి కంచె దగ్గరికి వెళ్ళాడు. విరిగిన గుంజని చూద్దామని వెళ్ళాడు గానీ కళ్ళు నేల మీద నిలిచాయి. ఎర్రటి దుమ్ములో టైర్ల జాడ కుట్టుగీతలా స్పష్టంగా ఉంది. డ్రైవరు కన్ను కదా, చదవకుండా ఉండలేదు. ఇక్కడ తను మొదటిసారి చెయ్యి ఊపాడు. ఇదిగో, సరిగ్గా ఇక్కడే జాడ కంచె వైపు వంగింది. ఇక్కడ రెండోసారి ఊపాడు, ఇక్కడ ఇంకొంచెం వంగింది. ఎక్కడా తడబాటు లేదు, అటూ ఇటూ ఊగడం లేదు. చెయ్యి ఎటు చూపిస్తే ఇంటిని అటే తెచ్చింది. అంత శుభ్రమైన జాడ డిపోలో కూడా తనెప్పుడూ చూడలేదు.

అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ ఎక్కడ దిగినా వెనక నిలబడి చెయ్యి చూపించింది ఆవిడే. ఎండలో నిలబడింది, వానలో గొడుగు లేకుండా నిలబడింది, చంకలో పిల్లనెత్తుకుని నిలబడింది. ఇల్లు ఎటు రావాలో అటు చెయ్యి చూపించేది. స్టీరింగు సంగతి ఆయన చూసుకునేవాడు. సారథి ఒక్క దెబ్బలో పెట్టేస్తాడని పక్కవాళ్ళు మెచ్చుకుంటే మీసం దువ్వుకునేవాడు. నా బండికి ఇన్నేళ్ళలో గీత పడలేదని చెప్పని మనిషి లేడు. వెనక నిలబడ్డ మనిషిని ఎవరూ అడగలేదు, తనూ ఎప్పుడూ చెప్పలేదు. నిన్న మొదటిసారి తను ఆ చోటికి వెళ్ళాడు. వెళ్ళి కూడా స్టీరింగు ముందు కూర్చున్నట్టే చెయ్యి ఊపాడు.

టైలరమ్మ కొళాయి దగ్గర కప్పులు కడుగుతోంది. సారథి వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నిన్న నేను కంచె వైపు చెయ్యి ఎందుకు ఊపానో తెలుసా?"

"తెలుసు. స్టీరింగు అటు తిప్పమని."

"ఎప్పుడు తెలిసింది?"

"గుద్దాక."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్పనిస్తే కదా."

సారథికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నిన్నటి మాట నలుగురిలో అన్నాడు కనక, దిద్దుకోవడం కూడా నలుగురిలోనే చేశాడు. పెద్దావిడనీ, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళనీ పిలిచి నేల మీది జాడ చూపించాడు. మా ఆవిడ సరిగ్గానే తెచ్చిందండీ, దారి తప్పించింది నేను, నిన్న నేనన్న మాట నా నోటి దురుసు అన్నాడు. పెద్దావిడ టైలరమ్మ భుజం తట్టి, కంచె సంగతి నేను చూసుకుంటాను మీరు వెళ్ళి రండి అంది. మా ఆయన పోయేదాకా ఈ ముక్క అనలేదమ్మా అని కూడా నెమ్మదిగా చెవిలో వేసింది.

బయల్దేరేముందు స్టేషను ముందున్న ఖాళీ మైదానంలో చిన్న పాఠం జరిగింది. ఈసారి గురువు టైలరమ్మ, శిష్యుడు సారథి. అద్దంలో మీకు నేను కనిపించే చోట నిలబడాలి, అద్దం దాటితే మీరు లేనట్టే అని చెప్పింది. ముందు నేల చూడాలి, తర్వాత పైన కొమ్మలు చూడాలి. చెయ్యి స్టీరింగుకి చూపించకూడదు, ఇంటికి చూపించాలి. పక్కచూపు లేదు కనక మీరు తల పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూసుకోవాలి అంది. సారథి బడిపిల్లాడిలా అన్నిటికీ తలూపాడు. రెండుసార్లు అలవాటు కొద్దీ తప్పు చూపించి, తనే నాలిక్కరుచుకున్నాడు. మూడోసారి కుదిరింది. లెక్కల టీచరు పక్కన నిలబడి, పర్వాలేదు, పాసయ్యావు నాన్నా అంది.

ఇంజను వేస్తూ టైలరమ్మ తన షరతు కూడా చెప్పేసింది. "సొట్ట పడింది, మీ మాట మీకుంది. పార్కులో ఒక్కసారి పెట్టి చూద్దాం. అక్కడ తగిలిందంటే నేనే మీ బేకరీ ఆయనకి ఫోను చేస్తాను."

ఆరోజు దారిలో సారథి కుడికాలు కదల్లేదు. తల మాత్రం ఒక్కచోట నిలవలేదు. రాళ్ళ గుట్టలు, వాటి మీద ఎండ, ఎండిన వాగులో అడ్డంగా పడుకున్న పశువులు, గోదాముల గోడల మీద గూళ్ళు కట్టిన పిట్టలు. ఇదెప్పుడు కట్టారు అని ఒక వంతెన గురించి అడిగాడు. మనం మొదటిసారి వచ్చినప్పటి నుంచీ ఉంది అంది టైలరమ్మ. ఎదురొచ్చే లారీ డ్రైవర్లు స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరిస్తే, ఆవిడ కూడా ఒక వేలెత్తింది. అది రోడ్డు మీద డ్రైవర్లు డ్రైవర్లకి మాత్రమే పెట్టే పలకరింపు. సారథి అది చూశాడు. కిటికీ వైపు తిరిగి, మీసం కింద నవ్వుకున్నాడు. కొండల్లోకి ఎక్కేటప్పుడు రోడ్డు పాములా మెలికలు తిరిగింది. ఆవిడ గేరు తగ్గించి, తొందర లేకుండా ఎక్కించింది. వెనక సీట్లోంచి పిచ్చుక తండ్రి భుజం మీద గడ్డం ఆనించి, మా అమ్మ చూడు నాన్నా అంది. చూస్తున్నానే అన్నాడు.

ఎండ వాలుతుండగా పార్కు చేరారు. గేటు దగ్గర ఉద్యోగి ఒక్క జాగానే ఖాళీగా ఉందనీ, అది కాస్త ఇబ్బందిగా ఉంటుందనీ ముందే చెప్పాడు. చూస్తే ఇబ్బంది అనేది చిన్న మాట. ఒకవైపు గదంత బండరాయి, రెండోవైపు వంకర కొమ్మలతో పెద్ద చెట్టు, వెనక లోయ అంచున రాళ్ళ వరస, నేల ఏటవాలు. కుర్చీలు వెంటనే ఇటు తిరిగాయి. పక్క కారవాను పెద్దమనిషి వచ్చి, నేను పెట్టిపెట్టనా అమ్మా అని మర్యాదగా అడిగాడు. టైలరమ్మ ఆయనకి థాంక్స్ చెప్పి, మా ఆయన వెనక ఉన్నారండీ అంది.

సారథి వెనక్కి వెళ్ళి అద్దంలో కనిపించే చోట నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన రోజున కూడా ఇంత భయపడలేదు. నేల చూశాడు, కొమ్మలు చూశాడు. తల పూర్తిగా ఇటు తిప్పి బండరాయిని, అటు తిప్పి చెట్టుని చూసుకుని చెయ్యెత్తాడు.

బండి కదిలింది. ఇల్లు రాయి వైపు మొగ్గింది. సారథి చెయ్యి చెట్టు వైపు పోయింది, ఇల్లు చెట్టు వైపు వచ్చింది. చాలు అన్నట్టు అరచెయ్యి చూపించాడు, తిన్నగా సర్దుకుంది. ఒక కొమ్మ పైకప్పుకి జానెడు దూరంలోకి వచ్చింది. ఆగమన్నాడు, ఆగింది. కొంచెం రాయి వైపు అన్నాడు, కొంచెమే వచ్చింది. ఆయన చేతికీ ఆవిడ చేతికీ మధ్య దారం కట్టినట్టు, అంత బరువూ ఆయన వేలు కదిపితే కదిలింది. రాళ్ళ వరస ముందు రెండు అరచేతులూ ఎత్తాడు. బండి నిలిచింది. రాయికి తగల్లేదు, చెట్టుకి తగల్లేదు, ఒక్కసారి కూడా ముందుకి వెళ్ళి మళ్ళీ రావాల్సిన అవసరం పడలేదు.

కుర్చీల్లోంచి చప్పట్లు వినిపించాయి. పక్క కారవాను పెద్దమనిషి సారథి దగ్గరకొచ్చి, ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నారండీ ఆవిడ అని అడిగాడు. మూడు రోజుల నుంచి అన్నాడు సారథి. అంటుంటే ఛాతీ చొక్కాలో పట్టనంతైంది. పిచ్చుక ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది.

"నాన్నా, బేకరీ ఆయనకి ఏం చెప్పమంటావు?"

సారథి కారవాను పక్కనుంచి, కారు పక్కనుంచి నడుచుకుంటూ ముందుకి వెళ్ళాడు.

డిపోలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన డ్రైవర్ని, ఎంతటివాడైనా సరే, అందరూ ఏరా అనే పిలిచేవాళ్ళు. వాడు నిండు బస్సుని ఎక్కడా తగలకుండా మొదటిసారి వెనక్కి పెట్టిన రోజున, అందరిలోకీ పెద్ద డ్రైవరు నడుచుకుంటూ వెళ్ళి, వాడి వైపు తలుపు తన చేత్తో తీసి, గారు తగిలించి దిగమనేవాడు. ఇక ఆ రోజు నుంచి వాణ్ణి ఎవరూ ఏరా అనడానికి లేదు. తనకి ఆ తలుపు తీసిన రోజు గురించి సారథి పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి చెప్పిందే చెబుతూ వచ్చాడు. టైలరమ్మకి అది కంఠతా వచ్చు.

సారథి ఆవిడ వైపు తలుపు తీశాడు. ఒక అడుగు పక్కకి జరిగి నిలబడ్డాడు.

"దిగండి, డ్రైవరు గారూ."

ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి ఆయన మొహంలోకి చూసింది. ఆయన పరాచికం ఆడటం లేదు. ఆవిడ కళ్ళు నిండి, చెంపల మీదికి జారాయి. వెనక పిచ్చుక ఫోను జేబులో పెట్టేసుకుని, మొహం అటు తిప్పుకుంది.

"ఒక్క నిమిషం ఉండండి," అంది టైలరమ్మ.

"తొందరేం లేదండీ," అన్నాడు సారథి. తలుపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.